తామర మీద ఫినాయిల్ పోయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వానలు మొదలైతే చాలు, విజయవాడ, గుంటూరు మందుల షాపుల దగ్గర తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది. "గజ్జల్లో తామర వచ్చిందండీ, డెట్టాల్ నీళ్లు కలపకుండా రాస్తే పోతుందా?" డెట్టాల్ గురించి అడిగేవాళ్లు కొంత నయం. దూదిని ఫినాయిల్లో ముంచి అద్దుకునేవాళ్లు, బ్లీచింగ్ పౌడర్‌ని ముద్ద చేసి పట్టించేవాళ్లు, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ చుక్కలు వేసుకునేవాళ్లు, పెట్రోలు గుడ్డతో రుద్దేవాళ్లు అసలు అడగరు. చర్మం కాలి రసి కారడం మొదలయ్యాక ఆసుపత్రికి వస్తారు. అప్పుడు తామర మందు పక్కన పెట్టి ముందు కాలిన గాయాన్ని మాన్పాల్సి వస్తుంది. ఈ విషయం వివరంగా రాయడానికి మీ పత్రికలో చోటు కోరుతున్నాం.

ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో: పోదు. ఇల్లు శుభ్రం చేసే క్రిమిసంహారకం ఏదైనా సరే, చర్మం మీది తామరను నయం చెయ్యదు. అయినా అడిగినవాళ్లను తప్పు పట్టలేం. సీసా మీద "99.9 శాతం క్రిములను చంపుతుంది" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. తామర కూడా క్రిమి వల్లే వస్తుందని అందరికీ తెలుసు. ఆ రెండూ కలిపి చూసుకుంటే రాయాలనిపించడం సహజం.

కానీ ఆ 99.9 శాతం లెక్క ఎక్కడిదో తెలుసుకోవాలి. ఆ పరీక్షలు చేసేది ప్రయోగశాలలో, ద్రవంలోనో గట్టి నున్నటి పలక మీదో, ఎక్కువగా బాక్టీరియా మీద. మందును చెప్పిన పాళ్లలో కలిపి, చెప్పినన్ని నిమిషాలు తడి ఆరకుండా ఉంచితే వచ్చే ఫలితం అది. మురికి, చెమట, చర్మపు పొట్టు తగిలితే చాలా క్రిమిసంహారకాల బలం తగ్గిపోతుంది. అంతా సవ్యంగా జరిగినా లక్షకు 100 మిగులుతాయి. గచ్చు మీద మిగిలిన ఆ 100కి తిండి దొరకదు. చర్మం మీద మిగిలినవాటికి కావలసినంత తిండి ఉంటుంది.

తామర తెచ్చే శిలీంధ్రం (ఫంగస్) చర్మం పైన దుమ్ములా కూర్చుని ఉండదు. చర్మం పైపొర కెరాటిన్ అనే గట్టి పదార్థంతో తయారవుతుంది. శిలీంధ్రం దారాల్లాంటి పోగులు వేసుకుంటూ ఆ పొరలోకి చొచ్చుకుపోయి కెరాటిన్‌నే తింటుంది. నూగు వెంట్రుకల కుదుళ్లలోకి కూడా దిగుతుంది. పోగులు తెగి గట్టి బీజాలుగా మారతాయి, పొట్టుతో పాటు రాలి నెలల తరబడి బతికే ఉంటాయి. పైన పోసిన ఫినాయిల్ ఈ పోగుల దాకా, కుదుళ్ల దాకా చేరాలంటే దారిలో ఉన్న చర్మాన్ని కాల్చుకుంటూ పోవాలి. క్రిమిసంహారకానికి నీ కణం, శిలీంధ్రం కణం అనే తేడా తెలియదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడం అంటారే, అదే.

తామర మందుకు ఆ తేడా తెలుసు. శిలీంధ్రం కణపు పొరకు ఎర్గోస్టెరాల్ కావాలి. మన కణాల్లో దాని స్థానంలో కొలెస్టరాల్ ఉంటుంది. క్లోట్రిమజోల్, మైకోనజోల్, కీటోకోనజోల్, లులికోనజోల్, టెర్బినఫిన్ ఇవన్నీ ఎర్గోస్టెరాల్ తయారీని దెబ్బతీస్తాయి. అందుకే 1 శాతం క్రీముతో జరిగే పని 100 శాతం ఫినాయిల్‌తో జరగదు. బలం ఎక్కువైతే మందు గొప్పదనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది.

మరి "రాస్తే తగ్గిందండీ" అని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు, వాళ్లకు నిజంగానే తగ్గినట్టు అనిపిస్తుంది. మంట పుడితే దురద తెలియదు, నరాల తీరే అంత. పైగా నల్ల ఫినాయిల్లో ఉండే ఫినాల్ జాతి పదార్థాలకు చర్మాన్ని మొద్దుబార్చే గుణం ఉంది. కాలుతున్నా మొదట నొప్పి తెలియదు. ఫినాల్‌తో ఉన్న అసలు ప్రమాదం కూడా ఇదే, నొప్పి తెలిసేసరికి చర్మం తెల్లగా మారి ఉంటుంది. రెండు మూడు రోజుల్లో పైపొర పొట్టులా ఊడుతుంది. దానితో పాటు కొంత శిలీంధ్రం కూడా రాలుతుంది. గుండ్రటి అంచు చెదిరిపోతుంది, పోయిందనుకుంటారు. రెండు మూడు వారాలకు కుదుళ్లలో దాగినది మళ్లీ పెరిగి, పాత మచ్చ చుట్టూ ఇంకా పెద్ద వలయం కడుతుంది. ఈసారి సీసా ఇంకాస్త ఎక్కువ వంచుతారు.

ఒక్కో సరుకు గురించి చెప్పుకుందాం. నల్ల ఫినాయిల్‌ను తారు నుంచి తీసిన ఫినాల్ జాతి పదార్థాలతో చేస్తారు. అవి చర్మాన్ని కాల్చడంతో ఆగవు, చర్మం గుండా రక్తంలోకి పోతాయి. ఎక్కువ మేర పూస్తే గుండె, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. పసిపిల్లల విషయంలో మరీను. తెల్ల ఫినాయిల్లో సాధారణంగా పైన్ నూనె, సబ్బులాంటి పదార్థాలు ఉంటాయి. అంత విషం కాకపోయినా చర్మాన్ని మండించి ఎగ్జిమా తెస్తుంది. గచ్చు తుడిచే సువాసన ద్రవాల్లో చాలావాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటుంది. నీళ్లలో కలపకుండా పూసి, పైన బిగుతు బట్ట వేసుకుంటే రాత్రికి రాత్రే బొబ్బలెక్కుతుంది.

బట్టల బ్లీచ్ ద్రవంలో సోడియం హైపోక్లోరైట్ సుమారు 5 శాతం ఉంటుంది. అది ఘాటైన క్షారం. క్షారం చర్మంలోని కొవ్వును సబ్బుగా మార్చేసి లోపలికి దిగుతూ పోతుంది, ఆమ్లం కంటే లోతుగా కాలుస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్‌తో పాటు సున్నం కూడా ఉంటుంది. తడి చర్మం మీద ఆ ముద్ద పెట్టడమంటే సున్నపు కాలుడును కోరి తెచ్చుకోవడమే. టాయిలెట్ కడిగే ద్రవాల్లో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, దాని గురించి వేరే చెప్పనక్కర్లేదు. డెట్టాల్లో ఉండేది 4.8 శాతం క్లోరోజైలినాల్. నీళ్లలో కలిపి వాడమని సీసా మీదే రాసి ఉంటుంది. చిన్న దెబ్బ కడుక్కోవడానికి ఆ పాళ్లలో అది పనికొస్తుంది, వారాల తరబడి తామర మీద రుద్దడానికి కాదు. శానిటైజర్‌లోని ఆల్కహాల్ అర నిమిషంలో ఆరిపోతుంది, కెరాటిన్ పొరలోకి దిగి బీజాలను చంపేంత సేపు నిలవదు. గోకి గోకి చిట్లిన చర్మం మీద పడితే గుంటూరు మిరప్పొడి చల్లినట్టు ఉంటుంది, అంతే. వాహనాల మరమ్మతు షెడ్లుండే ఆటోనగర్ వైపు పెట్రోలు, కిరోసిన్, డీజిల్‌తో చేతులు, తొడలు తుడుచుకునే అలవాటు కనిపిస్తుంది. అవి చర్మంలోని సహజమైన జిడ్డును కడిగేస్తాయి. జిడ్డు పోయిన చర్మం పగులుతుంది, ఆ పగుళ్లే కొత్త క్రిములకు దారి.

ఇక్కడ చదువరులైన పెద్దలు ఒక మాట అడుగుతారు. వెనకటి రోజుల్లో డాక్టర్లే ఫినాల్ పూసేవారు కదా, అని. నిజమే. సిలోన్‌లో పనిచేసిన ఆల్డో కాస్టెల్లానీ పేరుతో ఒక ఎర్రటి పూతమందు ఉండేది. అందులో ఫుక్సిన్ రంగు, బోరిక్ ఆమ్లం, రిసార్సినాల్‌తో పాటు కొద్దిపాటి ఫినాల్ కలిపేవారు. ఆ ఫినాల్‌ను గ్రాముల్లో తూచి కలిపేవారు, వేలి సందుల్లాంటి చిన్న చోట్ల మాత్రమే పూసేవారు. అంతకంటే సురక్షితమైన మందులు వచ్చాక అది వెనకబడింది. 6 శాతం బెంజోయిక్ ఆమ్లం, 3 శాతం శాలిసిలిక్ ఆమ్లం కలిపిన విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో కూడా ఒకప్పుడు చోటు దక్కించుకుంది. పొట్టు రాల్చి, శిలీంధ్రాన్ని అణిచే మందు అది. గజ్జలకు, ముఖానికి పనికిరాదు, మండుతుంది. అరికాళ్లకు, మందమైన చర్మానికి పనికొస్తుంది. పొటాషియం పర్మాంగనేట్ కూడా రసి కారే కాళ్లకు ఇప్పటికీ వాడతారు, కానీ 10 వేల పాళ్ల నీటికి ఒక పాలు. అంటే 1 లీటరు నీళ్లకు 0.1 గ్రాము. నీళ్లు లేత గులాబి రంగులో ఉండాలి. ఊదా రంగుకు తిరిగితే ఎక్కువైనట్టు. పలుకు కరగకుండా చర్మానికి తగిలితే అక్కడ కాలుతుంది.

క్రిమిసంహారకం చర్మాన్ని ఏం చేస్తుందో వైద్యులకు స్వయంగా తెలుసు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1890 ప్రాంతంలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ పలుచటి రబ్బరు తొడుగులు చేయించాడు. రోగిని క్రిముల నుంచి కాపాడాలని కాదు, క్రిమిసంహారక ద్రవాల్లో ముంచీ ముంచీ ఆపరేషన్ గదిలోని నర్సు చేతులు పాడైపోతుంటే ఆ చేతుల్ని కాపాడటానికి. ఇవాళ ప్రతి ఆపరేషన్ గదిలో ఉన్న తొడుగులు అలా మొదలయ్యాయి.

ఇక గజ్జలు. తామర ఎక్కువగా వచ్చేది అక్కడే, ఫినాయిల్ ఎక్కువగా పోసేదీ అక్కడే. శరీరంలో అంత పలుచటి చర్మం ఉన్న చోట్లు తక్కువ. హైడ్రోకార్టిసోన్ మందును ముంజేతి చర్మం పీల్చుకునే దానికంటే వృషణాల మీది చర్మం 40 రెట్లకు పైగా పీల్చుకుంటుందని 1967లోనే కొలిచి చెప్పారు. మందుకే అలా ఉంటే విషం సంగతి ఊహించుకోవచ్చు. పైగా అది మడత. చెమటతో, బట్టతో మూతపడి ఉంటుంది. గచ్చు మీద ఆరిపోయే ద్రవం అక్కడ గంటల తరబడి తడిగా నిలిచి కాలుస్తూనే ఉంటుంది. మానాక కూడా నల్లమచ్చ నెలల పాటు పోదు.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలని మా మనవి. కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు ఫినాయిల్ కాలినా తెలియదు. వేళ్ల సందున పాచిన చర్మం మీద అలాంటి గాయం పడి, అందులో చీము చేరితే మోకాలి కింద వాపు, జ్వరం, చివరకు వేలు తీసేసే పరిస్థితి దాకా వెళ్లవచ్చు. మొదట ఉన్నది నాలుగైదు వారాల క్రీముతో తగ్గే జబ్బు మాత్రమే.

అసలు అది తామరేనా అన్నది ఇంకో ప్రశ్న. తామర సాధారణంగా గుండ్రంగా, అంచు ఎర్రగా ఉబ్బి, పొట్టు రాలుతూ, మధ్యలో కాస్త తేటగా ఉంటుంది. గజ్జి అది కాదు. గజ్జి కంటికి ఆనని పురుగు వల్ల వస్తుంది, రాత్రిపూట దురద ఎక్కువ, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులు, ఇంట్లో అందరికీ ఒకేసారి. దాని మందు వేరు. ఛాతీ మీద, వీపు మీద తెల్లగానో గోధుమ రంగుగానో వచ్చే శోభి మచ్చలు కూడా శిలీంధ్రానివే గానీ తామరవి కావు, ఒకరి నుంచి ఒకరికి అంటవు. 2 శాతం కీటోకోనజోల్ షాంపూ ఒంటికి పూసి 5 నిమిషాలుంచి కడిగితే లొంగుతాయి. శిలీంధ్రం చచ్చినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కనుక మందు పనిచెయ్యలేదని కంగారు పడనక్కర్లేదు. సోరియాసిస్, ఎగ్జిమా కూడా తామరలా కనిపిస్తాయి. అన్నిటికంటే ముఖ్యం: మచ్చ మీద దూది ఆనించినా తెలియకపోతే, స్పర్శ లేకపోతే అది కుష్టు కావచ్చు. ప్రభుత్వాసుపత్రిలో దానికి ఉచితంగా మందులిస్తారు, పూర్తిగా నయమవుతుంది. అలాంటి మచ్చ మీద యాసిడ్ పోసుకున్నా నొప్పి తెలియదు. "నొప్పి లేకుండా పనిచేస్తోంది" అనుకుంటూ నెలలు పోగొట్టుకుంటారు.

పిల్లల తలలో పొట్టు రాలి, గుండ్రంగా వెంట్రుకలు ఊడితే అది తలతామర కావచ్చు. ఏ పూతా ఒక్కటే దాన్ని తగ్గించదు, మాత్రలు వాడాల్సిందే. గోళ్లకు పట్టినదానికీ చాలావరకు అంతే.

ఇక మందు సరిగ్గా వాడటం ఎలాగో చెప్పకుండా ఊరికే వద్దు వద్దంటే న్యాయం కాదు. "క్రీము రాసినా తగ్గలేదు, అందుకే ఫినాయిల్" అని చెప్పేవాళ్లలో చాలామందికి క్రీము చాలినంత పడి ఉండదు. కొలత ఇది. పెద్దల చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి ఒక పట్టీ పిండితే సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. రెండు గజ్జలూ, తొడల లోపలి భాగమూ కలిపి నాలుగు అరచేతులంత ఉందనుకోండి, పూటకు 1 గ్రాము. రెండు పూటలా రాస్తే రోజుకు 2 గ్రాములు, నెలకు 60 గ్రాములు. ఇంటికి తెచ్చింది 15 గ్రాముల ట్యూబు అయితే వారం కాగానే అయిపోవాలి. నెలంతా వస్తోందంటే రాయాల్సిన దాంట్లో పావు వంతే రాస్తున్నట్టు.

రాసేటప్పుడు ఎర్రటి అంచు దాటి చుట్టూ 2 సెంటీమీటర్ల మంచి చర్మానికి కూడా పట్టించాలి, శిలీంధ్రం కంటికి కనపడని ఆ మేరలోనే ముందుకు పాకుతుంటుంది. స్నానం చేసి, పొడి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక రాయాలి. క్లోట్రిమజోల్, మైకోనజోల్ రోజుకు రెండుసార్లు, లులికోనజోల్ ఒకసారి. దురద వారంలోనే తగ్గుతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. మచ్చ పూర్తిగా పోయాక కూడా ఇంకో రెండు వారాలు రాయాలి. ఎందుకంటే ఈ క్రీముల్లో చాలావాటి పని శిలీంధ్రం పెరుగుదలను ఆపడం. పాత పైపొర దాన్ని మోసుకుని రాలిపోయి, కింద నుంచి కొత్త పొర రావడానికి వారాలు పడుతుంది. మొత్తం మీద 4 నుంచి 6 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

రెండు మూడు చోట్ల వచ్చినా, ఒకసారి తగ్గి మళ్లీ వచ్చినా మాత్రలు అవసరం కావచ్చు. అవి డాక్టరు చూసి రాయాల్సినవి. ఇట్రాకోనజోల్ గుళికలు భోజనం చేసిన వెంటనే మింగాలి, కడుపులో ఆమ్లం ఉంటేనే అవి ఒంటికి పడతాయి. పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుని పరగడుపున దీన్ని మింగేవాళ్లకు సగం మందు వృథా. గుండె బలహీనత ఉన్నవాళ్లకు ఇది ఇవ్వకూడదు. కొలెస్టరాల్ మాత్రల్లో కొన్నింటితో కలవదు. కాలేయ జబ్బు, గర్భం ఉంటే ముందే చెప్పాలి. పదేళ్లుగా మన దేశంలో తామర మొండికెత్తిన మాట నిజం. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిన రకం దీనికి పెద్ద కారణం. దానిలో చాలావాటికి టెర్బినఫిన్ పనిచెయ్యదు. ఆ మందు అడ్డుకోవాల్సిన ఎంజైమును తయారుచేసే జన్యువులోనే మార్పు వచ్చింది. న్యూయార్క్‌లో కూడా ఈ రకం దొరికినట్టు 2023లో వెల్లడైంది. మొండిదైంది కదా అని దాని మీద బ్లీచ్ పోస్తే లొంగదు, లొంగేది సరైన మందుకు, సరైన మోతాదుకు, సరైనన్ని రోజులకు.

ఫినాయిల్ కంటే ఎక్కువమందిని దెబ్బతీస్తున్నది ఇంకొకటి ఉంది, అది చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. స్టెరాయిడ్ కలిసిన ట్యూబు. క్లోబెటాసోల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటసోన్ ఈ పేర్లలో ఏది ట్యూబు మీద కనిపించినా తామరకు అది వద్దు. రెండు రోజుల్లో దురద, ఎరుపు మాయమవుతాయి, అందుకే జనానికి ఇష్టం. నిజానికి అది చేసేది ఒంటిలోని కాపలాను నిద్రపుచ్చడం. శిలీంధ్రం హాయిగా విస్తరిస్తుంది, వలయంలో వలయం కడుతుంది, తొడల మీద చర్మం పలచబడి శాశ్వతంగా చారలు పడతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా "దురద ట్యూబు" అంటే చాలు, చేతికి వస్తూనే ఉంది. మందుల షాపులవారికి చేతులెత్తి మొక్కి చెబుతున్నాం, తామర అని అడిగితే మామూలు క్లోట్రిమజోల్ ఇవ్వండి, స్టెరాయిడ్ ఇవ్వకండి.

ఇప్పుడు ఇంటి సంగతి. క్రిమిసంహారకాలకు ఇక్కడ నిజంగా పని ఉంది. తామర ఉన్నవాళ్లు వాడే బాత్‌రూమ్ గచ్చు, ప్లాస్టిక్ బకెట్టు, చెంబు, స్నానాల పీట, రబ్బరు చెప్పులు వీటిని ముందు సబ్బుతో తోమి పొట్టు, జిడ్డు పోగొట్టాలి. తరవాత 5 శాతం బ్లీచ్ ద్రవం 100 మిల్లీలీటర్లకు 900 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి పోయాలి. బ్లీచింగ్ పౌడరైతే, కొత్త డబ్బాలో 30 శాతం క్లోరిన్ ఉంటుందనుకుంటే, లీటరు నీళ్లకు సుమారు 17 గ్రాములు. మూత తీసి ఉంచిన పాత పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోతుంది, ఘాటు వాసన లేనిది పారెయ్యడమే మేలు. 10 నిమిషాలు తడిగా ఉంచి మంచినీళ్లతో కడిగెయ్యాలి. చేతులకు రబ్బరు తొడుగులు, తలుపు తెరిచి ఉంచడం తప్పనిసరి. బ్లీచ్‌లో యాసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఫినాయిల్, అమ్మోనియా కూడా బ్లీచ్‌తో కలపకూడదు. "రెండూ కలిపితే ఇంకా బాగా పోతుంది" అన్న ఆలోచనతో బాత్‌రూమ్ తలుపు మూసుకుని ఈ పని చేసేవాళ్లున్నారు, దయచేసి ఆపండి.

బట్టలకు క్రిమిసంహారకం కంటే వేడి మేలు. లోదుస్తులు, తువ్వాళ్లు, దుప్పట్లు 60 డిగ్రీల నీళ్లలో, అంటే చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో, అరగంటకు పైగా నానబెట్టి ఉతకాలి. ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకూడదు, చల్లనీళ్లలో ఉతికితే బీజాలు ఒక బట్ట నుంచి ఇంకోదానికి చేరతాయి. తిరగేసి ఎండలో ఆరేసి, కుట్ల దగ్గర వేడి ఇస్త్రీ చెయ్యాలి. ఉతికిన బట్టల్లో చివరగా డెట్టాల్ పోసి జాడించకుండా ఆరేసే అలవాటు ఉంది. ఆ మిగులు చెమటకు తడిసి గజ్జల్లో ఎగ్జిమా తెస్తుంది, జాడించి తీరాలి.

మన ప్రాంతంలో చాలామంది మరిచిపోయే చోట్లు రెండు. ఒకటి మొలతాడు. చెమటతో ఎప్పుడూ తడిగా ఉండే ఆ నూలుతాడులో శిలీంధ్రం కాపురం పెడుతుంది, ఎంత మందు రాసినా నడుము చుట్టూ తిరిగొస్తుంది. చికిత్స పూర్తయ్యేదాకా తీసెయ్యాలి, మళ్లీ కట్టుకునేటప్పుడు కొత్తది కట్టుకోవాలి. రెండోది లంగా బొందు. బిగించి కట్టిన చోట చర్మం ఒరుసుకుని, చెమట ఆరక, ఆడవాళ్లకు నడుము చుట్టూ తామర అక్కడే మొదలవుతుంది. బొందు తీసి వేడినీళ్లలో ఉడికించాలి, వెడల్పాటి పట్టీ వేయించుకుంటే ఇంకా మంచిది. మే నెల ఉక్కలో బిగుతు జీన్స్ గురించి యువకులకు చెప్పి లాభం లేదు గానీ, కనీసం ఇంటికి రాగానే మార్చుకుని లుంగీ కట్టుకోమనండి.

ఇంట్లో ఒకరికి మందు వేస్తూ మిగిలినవాళ్లను చూడకపోతే ఆ తామర ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది. ఎవరికి మచ్చ ఉన్నా ఒకేసారి మొదలుపెట్టాలి. తువ్వాలు, సబ్బు, మంచం దుప్పటి ఎవరివి వారివి. విజయవాడ చుట్టుపక్కల ఇంటర్మీడియట్ హాస్టళ్లలో ఒకే గదిలో ఆరేడుగురు పిల్లలు, తడి ఆరని తువ్వాళ్లు, ఒకరి బట్టలు ఒకరు వేసుకోవడం. తామరకు ఇంతకంటే అనువైన చోటు దొరకదు. యాజమాన్యాలు గదులకు ఫినాయిల్ కొట్టించి చేతులు దులుపుకుంటే చాలదు. ఎండ తగిలే చోట బట్టలు ఆరేసుకునే తీగలు కట్టించాలి, మచ్చలున్న పిల్లల్ని సిగ్గుపడనివ్వకుండా డాక్టరుకు చూపించాలి. ఆడపిల్లలు గజ్జల్లో దురద అని వార్డెన్‌కు చెప్పలేక బాత్‌రూమ్‌లో ఉన్న సీసానే వాడుకుంటారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు జనం రోజుల తరబడి మురుగునీటిలో ఉన్నారు. అలాంటప్పుడు కాలివేళ్ల సందులు పాచిపోవడం సహజం. నీళ్లలోంచి వచ్చిన వెంటనే మామూలు సబ్బుతో, శుభ్రమైన నీళ్లతో కడిగి, వేలు వేలు విడదీసి పొడి గుడ్డతో అద్దాలి. సందుల్లో తెల్లగా నానిన చర్మం కనిపిస్తే క్లోట్రిమజోల్ క్రీము రాసి గాలి తగలనివ్వాలి. వీధుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ కాలువలకూ నేలకూ. దాని మీద ఉత్త కాళ్లతో నడవడం కూడా మంచిది కాదు.

ఇప్పటికే ఏదైనా పోసుకుని ఉంటే ఏం చెయ్యాలి? బట్టలు వెంటనే విప్పి, ధారగా పారే నీటితో కనీసం 20 నిమిషాలు కడగాలి. బ్లీచింగ్ పౌడరైతే ముందు పొడి గుడ్డతో పొడిని దులిపి అప్పుడు నీళ్లు పోయాలి. క్షారానికి విరుగుడని నిమ్మరసం, యాసిడ్‌కు విరుగుడని సోడా ఉప్పు వెయ్యకండి, అక్కడ ఇంకా వేడి పుట్టి ఎక్కువ కాలుతుంది. టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏవీ వద్దు. ఎరుపు మాత్రమే ఉంటే తెల్ల వాజిలిన్ పలుచగా రాసి, మానేదాకా తామర క్రీము కూడా ఆపాలి. బొబ్బలు లేచినా, చర్మం తెల్లబడి మొద్దుబారినా, మర్మాంగాల దగ్గర పడినా, పసిపిల్లలైనా ఆసుపత్రికి వెళ్లాలి. కంట్లో పడితే కడుగుతూనే బయలుదేరాలి. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించకండి, వచ్చేటప్పుడు గొంతు రెండోసారి కాలుతుంది. 108కి ఫోన్ చేసి సీసాను వెంట తీసుకెళ్లండి.

పత్రికల చిట్కాల శీర్షికలు చూసేవారికి కూడా ఒక విన్నపం. వెల్లుల్లి, సున్నం, కర్పూరం లాంటివి తామరకు రాయమని వచ్చే చిట్కాలను అచ్చు వెయ్యకండి. వెల్లుల్లి ముద్ద కట్టి ఉంచితే చర్మం బొబ్బలెక్కుతుంది.

గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, గాజు పలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే శిలీంధ్రం పోగులు కనిపిస్తాయి. అరగంట పని. వెళ్లే రోజు ఉదయం మచ్చ మీద ఏమీ రాయకండి. ఇంతవరకు రాసినవన్నీ, సగం వాడిన ట్యూబులు, ఫినాయిల్ సీసా అయినా సరే, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. ఎవరూ తిట్టరు. ఏది రాశారో తెలిస్తేనే మచ్చ ఎందుకు అలా మారిందో తెలుస్తుంది.

ఇట్లు,
చర్మవ్యాధుల వైద్యంలో, మందుల పంపిణీలో పనిచేస్తున్న కొందరు,
విజయవాడ – గుంటూరు